ఫైర్ స్టేషన్‌లో బిడ్డను అప్పగించవచ్చు, బాత్రూమ్‌లో ఒంటరిగా మాత్రం కనవద్దు

ప్రశ్న: లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఎంఎస్ చదువుతున్న 24 ఏళ్ల అమ్మాయి రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. ఆనవాలు దొరికే వివరాలన్నీ తీసేసి సారాంశం ఇస్తున్నాం.

ఆమెకు ఇప్పుడు 35 వారాలు. అయిదో నెలలో ఒక ఉచిత క్లినిక్‌లో స్కాన్ చేయించుకుంది. మళ్లీ ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. బిడ్డ తండ్రి తోటి విద్యార్థి. సంగతి చెప్పిన వారం నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు, ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఊళ్లో నాన్న పొలం తాకట్టు పెట్టి చదువు లోను తెచ్చారు. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. అపార్ట్‌మెంట్‌లో ఇంకో ముగ్గురు తెలుగమ్మాయిలు ఉంటారు. అందులో ఒకామెది వీళ్ల పక్క మండలమే. వదులు హుడీలు వేసుకుని, 'ఇక్కడి తిండికి లావెక్కాను' అంటూ ఈమె ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది.

రోజూ బస్సు దిగే చోట ఫైర్ స్టేషన్ గోడ మీద పసిబిడ్డ బొమ్మతో ఒక బోర్డు చూసింది. పేరు చెప్పకుండా అక్కడ బిడ్డను ఇచ్చేయవచ్చని చదివింది. నొప్పులు వచ్చినప్పుడు, రూమ్మేట్లు పనికి వెళ్లే రాత్రి అయితే, బాత్రూమ్‌లో కని, తెల్లారేలోపు పది నిమిషాలు నడిచి ఆ స్టేషన్‌లో బిడ్డను ఇచ్చి వచ్చేయాలన్నది ఆలోచన. ఆన్‌లైన్‌లో కత్తెర, దారం, నాలుగు టవళ్లు తెప్పించి సూట్‌కేసులో పెట్టింది. 'పోలీసులు పట్టుకుంటారా? వీసా పోతుందా? ఇంటికి తెలుస్తుందా? తర్వాత మనసు మారితే బిడ్డను ఇస్తారా? లేకపోతే ఇప్పుడే ఇండియా వచ్చి కనేయనా? అమ్మకు చెప్పుకోలేను మేడమ్, మీకు రాస్తున్నాను' అని అడుగుతోంది.

జవాబు: అమ్మా, ముందు మీరు అడిగినవాటికి జవాబులు చెబుతాను. తర్వాత మీరు అడగని సంగతి ఒకటి మాట్లాడదాం. ఈ జవాబు రాయడానికి అసలు కారణం అదే.

మీరు చూసిన బోర్డు నిజమైనదే. కాలిఫోర్నియాలో ఈ చట్టం 2001 జనవరి 1 నుంచి ఉంది. పుట్టిన 72 గంటల్లోపు బిడ్డను తల్లి గానీ తండ్రి గానీ, చట్టప్రకారం బిడ్డ బాధ్యత ఉన్న మరొకరు గానీ ఆస్పత్రి ఎమర్జెన్సీలో, లేదా ఆ బోర్డు ఉన్న ఫైర్ స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న మనిషి చేతికి అప్పగించవచ్చు. బిడ్డ ఒంటి మీద దెబ్బలు, హింస ఆనవాళ్లు లేకుండా ఉంటే, వదిలేశారన్న నేరం కింద కేసు ఉండదు. పేరు చెప్పాల్సిన పని లేదు, పాస్‌పోర్టు, ఐడీ అడగరు. ముందుగా ఫోన్ చేసి రావాల్సిన అవసరం కూడా లేదు. రాత్రి రెండింటికి వెళ్లినా ఇదే పద్ధతి. చట్టం ప్రతి మాటలోనూ 'అప్పగించడం' అంటుంది, 'వదలడం' అనదు. మెట్ల మీద, తలుపు దగ్గర పెట్టి వచ్చేస్తే అది అప్పగించడం కాదు, ఆ రక్షణా ఉండదు. చేతికి చేయి తగలాలి.

స్టేషన్‌లో జరిగేది ఇది. గంట కొడతారు, ఎవరో ఒకరు బయటికొస్తారు. బిడ్డను తీసుకుని తుడిచి, వెచ్చగా చుట్టి, ఊపిరి, రంగు చూస్తారు. అంబులెన్సు పిలిచి ఆస్పత్రికి పంపిస్తారు. ఈలోపు ఒక కోడ్ నంబరు ఉన్న పట్టీని బిడ్డ చీలమండకు కడతారు, అదే నంబరున్న రెండో పట్టీ మీకిస్తారు. ఒక వైద్య వివరాల ఫారం, తిరిగి పంపడానికి కవరు కూడా ఇస్తారు. ఫారం అక్కడే నింపవచ్చు, తర్వాత పోస్టులో వేయవచ్చు, అసలు తీసుకోకనూ పోవచ్చు. ఆస్పత్రిలో డాక్టర్లు బిడ్డను పూర్తిగా పరీక్షిస్తారు. బిడ్డ తమ దగ్గరున్న సంగతిని 48 గంటల్లోపు కౌంటీ శిశు సంక్షేమ శాఖకు తెలపాలి. అక్కడి నుంచి బాధ్యత ఆ శాఖది, జువెనైల్ కోర్టుది. బిడ్డను దత్తతకు సిద్ధంగా ఉన్న కుటుంబానికి పెంపకానికి ఇస్తారు.

మనసు మారితే? అప్పగించిన రోజు నుంచి 14 రోజుల గడువుంది. బిడ్డ ఇంకా ఆస్పత్రి అధీనంలోనే ఉంటే అక్కడికే, కౌంటీ తీసుకుని ఉంటే కౌంటీ దగ్గరికి ఆ పట్టీతో వెళ్లి అడగాలి. కౌంటీ వాళ్లు మీ పరిస్థితి విచారించి నిర్ణయిస్తారు. పట్టీ చేతిలో ఉన్నంత మాత్రాన బిడ్డ మీదని రుజువు కాదు. మీరు ఏ బిడ్డ కోసం వచ్చారో చెప్పడానికే అది పనికొస్తుంది. అయినా పారేయకండి. సూట్‌కేసులో సర్టిఫికెట్ల ఫైలు ఉంటుంది కదా, అందులో పెట్టుకోండి. 14 రోజులు దాటాక అడగాలంటే లాయరు, కోర్టు తప్పవు, గెలుపు గ్యారంటీ లేదు. కాబట్టి ఈ గడువును 'చూద్దాంలే' అని వదిలేసేదిగా అనుకోవద్దు.

ఇక ఆచరణలో ఎక్కడ తేడా వస్తుందో చెబుతాను. లాస్ ఏంజెలెస్ కౌంటీ ఫైర్ స్టేషన్లు అప్పగింత కేంద్రాలే. రాష్ట్రంలో మిగతా చోట్ల మాత్రం కౌంటీ బోర్డో స్థానిక ఫైర్ శాఖో గుర్తించిన స్టేషన్లకే ఇది వర్తిస్తుంది. అందుకే బోర్డు ఉందో లేదో చూసుకోవాలి. ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆస్పత్రికి ఆ అనుమానం లేదు, ఏదైనా తీసుకుంటుంది. ఇంకొకటి, ఫైర్ స్టేషన్‌లో మనుషులుంటారు గానీ కాల్ వస్తే ఇంజిన్‌తో పాటు అందరూ వెళ్లిపోతారు. తెల్లవారుజామున మీరు వెళ్లేసరికి షెడ్డు ఖాళీగా ఉండవచ్చు. అప్పుడు బిడ్డను అక్కడ పెట్టి రావద్దు. ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేసి, 'ఫైర్ స్టేషన్ ముందున్నాను, అప్పుడే పుట్టిన బిడ్డను అప్పగించడానికి వచ్చాను' అని చెప్పి అక్కడే నిలబడండి, లేదా దగ్గరి ఎమర్జెన్సీకి వెళ్లండి. గంటకు ఎవరూ పలకలేదని కంగారులో తలుపు దగ్గర పెట్టి పరుగెత్తితే, చట్టం కాపాడాల్సిన తల్లి కేసులో ఇరుక్కుంటుంది.

వేరే రాష్ట్రాల్లో చదివేవాళ్లు గడువులు తేడా అని గుర్తుంచుకోవాలి. ఈ చట్టం మొదట 1999లో టెక్సస్‌లో వచ్చింది, 2008కల్లా అన్ని రాష్ట్రాల్లోకీ చేరింది. టెక్సస్‌లో 60 రోజుల వరకు, న్యూజెర్సీ, ఇల్లినాయిల్లో 30 రోజుల వరకు బిడ్డను తీసుకుంటారు. ఒక రాష్ట్రంలో ఉంటూ ఇంకో రాష్ట్రం గురించి చదివి లెక్క వేసుకుంటే ఇబ్బందే.

ఇప్పుడు మీరు అడగని సంగతి. ఈ చట్టం మొదలయ్యేది బిడ్డ పుట్టాక. అప్పగింతకు ముందు, ఆ బాత్రూమ్‌లో గడిచే ఆరు, ఎనిమిది, పన్నెండు గంటలకు దాని దగ్గర జవాబు లేదు. మీ పథకంలో ప్రమాదమంతా అక్కడే ఉంది. తొలి కాన్పు ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. రూమ్మేట్లు పనికి వెళ్లే రాత్రే నొప్పులు వస్తాయన్న నమ్మకం లేదు. అరుపు ఆపుకోవచ్చేమో, రక్తస్రావం ఆపుకోలేరు.

ఏం జరగొచ్చో దాచకుండా చెబుతాను. పుట్టే పదిమంది పిల్లల్లో సుమారు ఒకరికి మొదటి ఊపిరి అందుకోవడానికి ఎంతో కొంత సాయం కావాలి, అదీ మొదటి నిమిషంలోనే. ఆ నిమిషంలో మీరు నొప్పితో సొమ్మసిల్లి ఉంటే బిడ్డకు దిక్కెవరు? కాన్పయ్యాక అరగంటలోపు మాయ పడాలి. పడకపోయినా, ముక్క లోపల మిగిలిపోయినా రక్తం ఆగదు. గంట తిరక్కుండా ఒక పెద్ద ప్యాడ్ పూర్తిగా తడిసిపోతోందంటే అది ఎమర్జెన్సీ. అలాంటప్పుడు పది నిమిషాల నడక దూరం కూడా దాటలేరు, బిడ్డతో సహా పేవ్‌మెంట్ మీద పడిపోతారు. మీరు ఆ స్కాన్ తర్వాత బీపీ కూడా చూపించుకోలేదు. 140/90 దాటి, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, డొక్కల కింద కుడివైపు నొప్పి ఉంటే కాన్పు సమయంలో మూర్ఛ రావచ్చు. మాయ కిందికి దిగి గర్భసంచి ముఖద్వారానికి అడ్డంగా ఉంటే మొదటి నొప్పికే రక్తం వరదలా పోతుంది. అయిదో నెల స్కాన్‌లో అది బాగానే ఉందో, మళ్లీ చూడమన్నారో మీరు రాయలేదు.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. బాత్రూమ్‌లో బిడ్డకు ఏదైనా జరిగితే ఈ చట్టం మీకు అండగా రాదు. క్షేమంగా అప్పగించిన ప్రాణానికే దాని రక్షణ. అప్పుడు పోలీసులు, విచారణ, మీరు ఏది తప్పించుకోవాలనుకున్నారో అదంతా మీ మీదికి వస్తుంది. భయపెట్టాలని చెప్పడం లేదమ్మా. మీరు ఆరు నెలలుగా భయాన్ని మోస్తున్నారు. ఆ భయం తప్పు తలుపు వైపు నడిపిస్తోందని మాత్రమే అంటున్నాను.

మీరు కోరుకునేది గోప్యత. అది ఆస్పత్రిలో కూడా చాలావరకు దొరుకుతుంది. రోగి వివరాలు ఎవరికీ చెప్పకూడదన్న చట్టం అక్కడ కఠినంగా అమలవుతుంది. మీ అమ్మానాన్నలు ఫోన్ చేసినా, కాలేజీ అడిగినా, రూమ్మేట్ కౌంటర్ దగ్గరికి వచ్చినా మీ అనుమతి లేకుండా చెప్పరు. చేరేటప్పుడే 'నా పేరు డైరెక్టరీలో పెట్టవద్దు' అని అడగండి. అప్పుడు ఎవరైనా మీ పేరు చెప్పి వాకబు చేస్తే, 'ఆ పేరుతో సమాచారం ఏమీ లేదు' అన్న జవాబే వస్తుంది. తెలుగు దుబాసీ కావాలంటే ఫోన్ మీద ఉచితంగా ఇప్పిస్తారు. ఆ పనికి రూమ్మేట్‌ను పిలవాల్సిన అవసరం లేదు.

తేడా ఎక్కడంటే, ఆస్పత్రి వైద్య రికార్డులో మీ పేరు ఉంటుంది. ఫైర్ స్టేషన్‌లో అదీ ఉండదు. ఆ రికార్డు బయటికి రాదన్న నమ్మకంతో బతకగలరా అన్నది మీరు తేల్చుకోవాల్సిన ప్రశ్న. నా లెక్కలో అది చాలా చిన్న ధర. బిడ్డ పుట్టుక నమోదు కాగితాల్లో ఏం రాస్తారన్నది కాన్పుకు ముందే ఆస్పత్రి సోషల్ వర్కర్‌ను అడిగి తెలుసుకోండి.

ఆస్పత్రిలో కాన్పు అయితే బిడ్డను ఫైర్ స్టేషన్ దాకా మోసుకెళ్లాల్సిన పనే లేదు. వార్డులో నర్సుకు గానీ సోషల్ వర్కర్‌కు గానీ, 'ఐ వాంట్ టు సేఫ్‌లీ సరెండర్ మై బేబీ' అన్న ఒక్క వాక్యం చెబితే చాలు, పద్ధతి అక్కడే మొదలవుతుంది. 'ఐ డు నాట్ వాంట్ విజిటర్స్' అన్నది రెండో వాక్యం. నొప్పుల్లో నోటికి రావేమోనని ఫోన్‌లో ఇంగ్లిష్‌లో టైపు చేసి పెట్టుకోండి, చూపిస్తే సరిపోతుంది. మామూలు కాన్పుకు రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచుతారు, ఆపరేషన్ అయితే నాలుగు రోజుల వరకు. 72 గంటల గడువు మీ లెక్కలో ఎక్కడ పడుతుందో చూసుకోవాలి. అందుకే ఇంటికొచ్చాక చూద్దామనుకోకుండా వార్డులో ఉండగానే అడగడం మంచిది.

డబ్బు సంగతి. నొప్పులతో వచ్చిన స్త్రీని ఇన్సూరెన్సు, వీసా, డబ్బు చూడకుండా పరీక్షించి కాన్పు చేయాలని 1986 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. మీరు ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నారు కాబట్టి కాలేజీ ఇన్సూరెన్సు ఉండే ఉంటుంది. అందులో కాన్పు కవరేజీ ఉందో లేదో ఇవాళే లాగిన్ అయి చూడండి. పాలసీ మీ పేరు మీదే ఉంటుంది, బిల్లు వివరాలు మీ చిరునామాకే వస్తాయి. అపార్ట్‌మెంట్‌లో ఉత్తరాల డబ్బా నలుగురిదీ ఒకటే అయితే మాత్రం కాగితాలు ఆపేసి ఆన్‌లైన్‌లోనే పంపమని మార్చుకోండి. గుట్టు ఆస్పత్రిలో కంటే ఈ డబ్బా దగ్గరే ఎక్కువగా బయటపడుతుంది. ఇన్సూరెన్సు లేకపోతే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు కాలిఫోర్నియా ఇచ్చే మెడి-కాల్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాకు, గర్భిణిగా మీకు అర్హత ఉందేమో ఆస్పత్రిలోనే అడగండి. ఇవేవీ కుదరకపోయినా, కాలిఫోర్నియా ఆస్పత్రులు తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు బిల్లు తగ్గించాలి లేదా మాఫీ చేయాలి. దానికి అడిగి దరఖాస్తు పెట్టుకోవాలి, వాళ్లంతట వాళ్లు ఇవ్వరు.

వీసా గురించి. బిడ్డను అప్పగించడం నేరం కాదు కాబట్టి అదొక నేర రికార్డుగా మారదు. మీ ఎఫ్-1కి అసలు ముప్పు క్లాసులు ఎగ్గొట్టడం వల్ల వస్తుంది. డాక్టరు ఉత్తరం ఉంటే ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓ, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి, తక్కువ క్రెడిట్లకు అనుమతి ఇవ్వగలరు. అవసరమైతే ఆ సెమిస్టర్ మొత్తానికీ ఇస్తారు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం కలిపి 12 నెలలు మించకూడదు. ఉత్తరంలో 'వైద్య కారణం' అని ఉంటే చాలు, గర్భం అన్న మాట రాయించుకోనక్కర్లేదు. వరస మాత్రం తప్పవద్దు. ముందు అనుమతి సెవిస్‌లో, అంటే విదేశీ విద్యార్థుల ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డులో, ఎక్కాలి, తర్వాతే క్లాసులు డ్రాప్ చేయాలి. తిరగేసి చేసినవాళ్లకు స్టేటస్ పోతుంది. పరీక్షలు పడితే, గర్భం, కాన్పు కారణంగా గైర్హాజరైనవాళ్లకు డాక్టరు అవసరమన్నంత కాలం సెలవిచ్చి, తిరిగొచ్చాక అదే స్థానంలో చేర్చుకోవాలని, చదువుల్లో లింగ వివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం కింది నిబంధన చెబుతుంది. దానికి మాత్రం కాలేజీలోని టైటిల్ నైన్ ఆఫీసుకు అసలు కారణం చెప్పాల్సి ఉంటుంది. ఆ ఒక్క ఆఫీసుకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

అప్పగింత ఒక్కటే దారి కాదు. అడ్డంకులు తెలిసి ఎంచుకోండి. దత్తత ఏజెన్సీ ద్వారా వెళితే కుటుంబాన్ని మీరే చూసి ఎంచుకోవచ్చు. తెలుగు కుటుంబమో భారతీయ కుటుంబమో కావాలని అడగవచ్చు. ఏడాదికోసారి ఫొటోలు, ఉత్తరాలు వచ్చే పద్ధతీ ఉంది. కానీ మీ పేరు కాగితాల మీద ఉంటుంది, తండ్రికి కూడా నోటీసు వెళ్లాలి. మీ ఉత్తరం చదివితే ఈ రెండోదే మీకు గుచ్చుకుంటుందనిపించింది. హక్కులు వదులుకునే కాగితం మీద సంతకం బిడ్డ పుట్టాక, మామూలుగా మీరు ఆస్పత్రి నుంచి డిశ్చార్జి అయ్యాకే. కాన్పుకు ముందే 'ఇక్కడ సంతకం పెట్టు' అనేవాళ్లను నమ్మకండి. ఏజెన్సీ లైసెన్సు ఉన్నదో కాదో చూడండి. మీ ఆస్పత్రి, మందుల ఖర్చుల వంటివి దత్తత కుటుంబం భరించవచ్చు, బిడ్డకు వెల కట్టడం మాత్రం నేరం. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పిన్నిగారు 'మాకిచ్చేయమ్మా, ఎవరికీ తెలియకుండా పెంచుకుంటాం' అంటే, వాళ్లు ఎంత మంచివాళ్లయినా ఒప్పుకోవద్దు. కాగితం లేని ఆ పెంపకంలో రేపు బిడ్డకు ఏ హక్కూ ఉండదు, మీకు ఏ రక్షణా ఉండదు.

పెంచుకోవడం గురించి మీరు ఒకే ఒక్క వాక్యం రాసి కొట్టేశారు. 'ఒక్కోసారి కడుపులో కదిలితే...' అని. కొట్టేసినా కనబడుతోంది. దాన్ని పట్టుకుని ఉపదేశం చేయను. ఆస్పత్రి సోషల్ వర్కర్‌తో మాట్లాడేటప్పుడు ఆ వాక్యం కూడా చెప్పండి. నిర్ణయం ముందే అయిపోయిందన్నట్టు మాట్లాడనవసరం లేదు. మూడు దారులూ పక్కపక్కన పెట్టి చూపించడం వాళ్ల పని.

ఇండియా రావడం మాత్రం ఇప్పుడు వద్దు. 36 వారాలు దాటాక చాలా విమానయాన సంస్థలు ఎక్కించుకోవు, అంతకు ముందే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి. పరీక్షలే చేయించుకోని గర్భంతో ఇరవై గంటల ప్రయాణం ప్రమాదం. పైగా మన దగ్గర ఫైర్ స్టేషన్ పద్ధతి లేదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 35వ సెక్షన్ కింద జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు తల్లే వచ్చి, కౌన్సెలింగ్ అయ్యాక అప్పగింత పత్రం మీద సంతకం చేయాలి. ఆలోచించుకోవడానికి రెండు నెలల గడువిస్తారు, ఆ తర్వాతే దత్తతకు అర్హత వస్తుంది. పెళ్లికాని తల్లి అయితే ఆమె సంతకం ఒక్కటే చాలు. వివరాలు గోప్యంగా ఉంచుతారు గానీ, ఈ పద్ధతిలో పేరే చెప్పకుండా ఇవ్వడం కుదరదు. ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఇలాంటి ఇబ్బందిలో ఉండి ఇది చదువుతున్నవాళ్లు బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే కమిటీ దాకా దారి చూపిస్తారు. ముళ్లపొదలు, చెత్తకుండీలు, బస్టాండు బెంచీలు అక్కర్లేదు.

ఈ వారం చేయాల్సినవి చెబుతాను. కాలేజీ హెల్త్ సెంటర్‌కో కౌంటీ క్లినిక్‌కో ఒక్కసారి వెళ్లండి. అక్కడ బీపీ, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, మాయ ఎక్కడుందో చూసే స్కాన్ అడగండి. మీది నెగెటివ్ గ్రూపు అయి, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు మీకొక ఇంజెక్షన్ పడాలి. అది పడకపోతే రేపు మీ పెళ్లయ్యాక పుట్టబోయే పిల్లలకు ముప్పు. 36, 37 వారాల మధ్య కాన్పులో బిడ్డకు సోకే జీబీఎస్ అనే బాక్టీరియా మీలో ఉందేమో చూసే చిన్న పరీక్ష చేస్తారు, అది పాజిటివ్ వస్తే నొప్పుల్లో యాంటీబయాటిక్ ఇస్తారు. ఒంటరిగా కన్నవాళ్ల బిడ్డకు ఆ రక్షణ ఉండదు. క్లినిక్‌కు వెళ్లడానికి కూడా కాళ్లు రాకపోతే లాస్ ఏంజెలెస్ కౌంటీ హాట్‌లైన్ 1-877-222-9723కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉంటుంది, పేరు చెప్పనక్కర్లేదు, దుబాసీని కూడా ఇస్తారు.

ఒక్క మనిషికైనా చెప్పండి. రూమ్మేట్లలో పక్క మండలం అమ్మాయి కాక మిగతా ఇద్దరిలో నోరు జారని మనిషి ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ఆమెకు కథంతా చెప్పనక్కర్లేదు. 'నాకొక చిన్న ఆపరేషన్ ఉంది, ఆ రోజు ఆస్పత్రికి దింపి, ఫోన్ చేస్తే తీసుకురా' అన్నా సరిపోతుంది. నొప్పులు అయిదు నిమిషాలకోసారి, ఒక్కోటి నిమిషం పాటు, గంట సేపు వరసగా వస్తే బయల్దేరాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా ఆ లెక్క చూడకండి, వెంటనే వెళ్లండి. ఎవరూ లేకపోతే 911 పిలవండి. అంబులెన్సు బిల్లు తర్వాత చూసుకోవచ్చు.

ఇంత చెప్పినా, అనుకోకుండా ఇంట్లోనే కాన్పు జరిగిపోతే ఆ కత్తెర, దారం ముట్టుకోకండి. బొడ్డుతాడు కోయాల్సిన తొందర లేదు, లాగనూ వద్దు. 911కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. బిడ్డను పొడి టవల్‌తో గట్టిగా తుడిచి, మీ గుండెల మీద బట్ట అడ్డం లేకుండా పెట్టుకుని, ఇద్దరి మీదా ఇంకో టవల్ కప్పుకుని, బిడ్డ తల కూడా కప్పండి. చల్లబడటమే పసిగుడ్డుకు మొదటి శత్రువు. మాయ దానంతటదే వస్తే బిడ్డతో పాటే చుట్టి ఉంచండి. వచ్చిన పారామెడిక్‌లకు అప్పగింత మాట చెప్పండి, బిడ్డను ఆస్పత్రికి చేర్చి అక్కడ ఆ పద్ధతి మొదలయ్యేలా చూడమనండి.

తర్వాతి రోజుల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను. మూడో రోజో నాలుగో రోజో పాలు పడతాయి. బిడ్డ దగ్గర లేకపోయినా రొమ్ములు రాయిలా గట్టిపడతాయి. గుడ్డతో బిగించి కట్టవద్దు, గడ్డలు కడతాయి. సరిపడే బ్రా వేసుకుని, చల్లని గుడ్డ పెట్టుకోండి, మరీ ఓర్చుకోలేకపోతే నొప్పి తగ్గేంత మాత్రమే పిండండి. వారం, పది రోజుల్లో తగ్గుతుంది. 100.4 జ్వరం వచ్చినా, మైల దుర్వాసన వచ్చినా, పిక్క వాచి నొప్పి పెట్టినా మళ్లీ ఆస్పత్రికి వెళ్లాలి. మొదటి రెండు వారాలు ఏడుపు రావడం మామూలే. అది దాటినా తగ్గకపోతే, బతకాలని లేదనిపిస్తే, తల్లుల కోసమే ఉన్న 1-833-852-6262కి గానీ ఆత్మహత్య ఆలోచనల్లో సాయం చేసే 988కి గానీ ఫోన్ చేయండి. రెండూ రోజంతా పలుకుతాయి.

ఆ వైద్య వివరాల ఫారం మాత్రం వద్దనకండి. పేరు రాయనవసరం లేదు. మీ అమ్మకు షుగరు ఉందా, నాన్నవైపు గుండెజబ్బులున్నాయా, తండ్రి కుటుంబం గురించి మీకు తెలిసినంత, మీరు వాడిన మందులు, మీ బ్లడ్ గ్రూపు రాయండి. మీ అమ్మానాన్నలది మేనరికమైతే అదీ రాయండి. ఫారంలో ఆ గడి లేకపోయినా కింద ఖాళీలో రాయండి. అక్కడి పిల్లల డాక్టరుకు అది తట్టని ప్రశ్న కావచ్చు, బిడ్డకు ఎప్పుడైనా జబ్బు చేస్తే అదే మొదట అవసరమయ్యే జవాబు కావచ్చు.